బ్యాక్ టు ది ఫ్యూచర్ రెండో పార్ట్‌లో జెన్నిఫర్ వేరే అమ్మాయా?

బ్యాక్ టు ది ఫ్యూచర్ అనే హాలీవుడ్ టైం ట్రావెల్ సినిమా మొదటి పార్ట్ చివర్లో టైం మెషీన్ కారెక్కిన జెన్నిఫర్ (హీరో మార్టీ గర్ల్‌ఫ్రెండ్), రెండో పార్ట్ మొదట్లో అదే సీన్లో వేరే అమ్మాయిలా ఉంది, నాకొక్కడికే అలా అనిపిస్తోందా అని అడిగారు. మీ కళ్ళు బానే ఉన్నాయండీ, ఆవిడ వేరే ఆవిడే.

హాస్టల్లో ఉన్నప్పుడు మా రూమ్మేటూ నేనూ ఒకే రాత్రి రెండూ వరసగా చూశాం. రెండోది మొదలవగానే వాడు "ఒరేయ్ పిల్ల మారిపోయిందిరా" అన్నాడు, నేనేమో జుట్టు మార్చుకుని ఉంటుందిలే అని వాదించి వాదించి, ఆఖరికి రెండు ఫైళ్ళూ లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి ప్లే చేశాం. వాడే గెలిచాడు. 1985లో చేసింది క్లాడియా వెల్స్, వాళ్ళమ్మకి క్యాన్సర్ రావడంతో యాక్టింగ్ పక్కన పెట్టేసింది, అందుకని 1989లో ఎలిజబెత్ షూతో ఆ సీన్ మళ్ళీ తీశారు.

అలా పక్కపక్కన పెట్టడం వల్లే ఇంకోటి దొరికింది. ఫ్యూచర్లో మేం వెధవల్లా తయారవుతామా అని మార్టీ అడిగితే మొదటి దాంట్లో డాక్ (ఆ కారు తయారుచేసిన సైంటిస్ట్) అబ్బే అబ్బే, మీరిద్దరూ బానే ఉంటారు అని టకటకా అనేస్తాడు. రెండో దాంట్లో కాసేపు నీళ్ళు నమిలి అప్పుడంటాడు! మేం మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాం. ఇది పొరపాటు కాదులెండి, ఈ కథలో వాళ్ళు వెళ్ళే ఫ్యూచర్, అంటే 2015లో, మార్టీ ఉద్యోగం ఊడగొట్టుకునే మనిషి, పాపం డాక్‌కి ఆ సంగతి తెలుసన్నమాట. అసలు సీక్వెల్ ఉంటుందని ముందే తెలిస్తే జెన్నిఫర్ని ఆ కారెక్కించేవాళ్ళమే కాదని డైరెక్టర్ జెమెకిసే తర్వాత చెప్పాడు, అందుకే ఎక్కించిన కాసేపటికే ఆ పిల్లని నిద్రపుచ్చేస్తారు.

మార్టీ నాన్న కూడా మారాడు. క్రిస్పిన్ గ్లోవర్ చెయ్యకపోతే వేరే అతనికి అదే మొహం మేకప్ వేసి, నడుం నొప్పి అని 2015 సీన్లో తలకిందులుగా వేలాడదీశారు, దానిమీద గ్లోవర్ కోర్టుకి కూడా వెళ్ళాడు.

మొహాలు మారితే సర్దుకుపోవచ్చు. నాకు మింగుడు పడనిది మార్టీ కోపం. మొదటి పార్ట్‌లో వాడు తన పాటల టేపు పంపడానికే భయపడే కుర్రాడు, బాలేదంటారేమోనని. రెండో పార్ట్‌కొచ్చేసరికి ఎవడైనా "చికెన్" అంటే చాలు, అంటే పిరికిపంద అని, వెనకాముందూ చూడకుండా మీద పడిపోతాడు, వాడి జీవితం మొత్తం ఆ ఒక్క మాట మీదే పాడైనట్టు మూడో పార్ట్ దాకా లాగారు. మొదటి దాంట్లో దాని ఊసే లేదు! మొన్న మా పిన్ని కొడుక్కి సరాసరి రెండోదే చూపించా, వాడు సీరియస్‌గా మొహం పెట్టి "అన్నా, వీళ్ళు వెజిటేరియన్సా?" అన్నాడు.