నీ పట్టికలో లేని గడి

చిరంజీవి బుజ్జికి, అత్తయ్య ఆశీస్సులు.

పిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఆటల యంత్రం కొనుక్కోబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే కన్సోల్‌ను, గేమింగ్ టాబ్లెట్‌ను పోలుస్తూ నువ్వు గీసిన పట్టికను కూడా పంపాడు. ముందు గర్వపడ్డాను. నీ వయసులో నేను అట్టపెట్టె మీది బొమ్మ చూసి ఆటలు కొనేదాన్ని. నువ్వేమో ప్రాసెసర్, తెర, స్టోరేజ్, బరువు అంటూ పన్నెండు గళ్లు నింపావు. రెండోసారి చదివితే గుబులు పుట్టింది. పన్నెండింటిలో వేడి గురించి ఒక్క గడి కూడా లేదు.

ఫోన్లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

తెలిసిన సంగతులు త్వరగా ముగిస్తాను. సొంతంగా టీవీ లేకపోతే కన్సోల్ జోలికి వెళ్లకు. ప్లేస్టేషన్‌లోనైనా, ఎక్స్‌బాక్స్‌లోనైనా కొన్న ఆటను ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే చాలావాటికి విడిగా చందా కట్టాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకో. టాబ్లెట్‌లో ఆటలు ఉచితంగానే దిగుతాయి, ఆ తర్వాత కత్తికో చొక్కాకో డబ్బు అడుగుతుంటాయి. కార్డు వివరాలు అందులో దాచిపెట్టకు. స్టోరేజ్ సంగతి నువ్వే రాశావు: మొదటి ప్లేస్టేషన్ 5లో 825 జీబీ. పెద్ద ఆటలు కొన్ని ఒక్కొక్కటే 100 జీబీ దాటుతున్నాయి. అయినా దానికి తర్వాత ఇంకో ఎస్ఎస్‌డీ, అంటే అదనపు స్టోరేజ్ ముక్క, బిగించుకోవచ్చు. ఐప్యాడ్‌లో ఆ వీలు లేదు, ఎంత కొంటే అంతే.

"టాబ్లెట్ అయితే చదువుకూ పనికొస్తుంది" అని కింద ఎర్ర సిరాతో రాశావు చూడు, అది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా నాన్నకు నేనూ ఇదే మాట చెప్పి కంప్యూటర్ కొనిపించుకున్నాను. ఎంత చదివానో మీ నాన్నను అడుగు.

ఇక అసలు విషయం. ఒకే ఆట రెండింటిలోనూ దొరుకుతుందని టిక్కులు పెట్టావు. అది నిజమే. 2023లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ వంటి కన్సోల్ ఆట కూడా యాపిల్ ఎం1, ఆపై చిప్ ఉన్న ఐప్యాడ్‌లకు వచ్చింది. కానీ ఆట ఉండటం వేరు, గంటసేపు ఒకే తీరులో నడవటం వేరు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో బొమ్మ గీయడానికి చిప్‌కు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆ పని గంటల తరబడి చేస్తే వేడి పుడుతుంది, పుట్టిన వేడి ఎటో ఒకవైపు పోవాలి. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆట ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు తాగుతుంది. దాని పెట్టె అంత లావుగా ఉండటానికి కారణం లోపలున్న హీట్‌సింకు (వేడిని లాగే లోహపు రేకులు), ఫ్యాను. చాలా టాబ్లెట్లలో ఫ్యానే ఉండదు. వేడంతా వీపు రేకు గుండా, నీ అరచేతుల్లోంచి పోవాలి. పోకపోతే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ఎవరైనా టాబ్లెట్‌ను పరీక్షించి చూపిస్తుంటే మొదటి ఐదు నిమిషాలు చూసి మురిసిపోకు, అరగంట తర్వాత ఎలా ఉందో చూడు.

ఇదంతా నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు. నీకు ఆరేళ్లప్పుడు మీ ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాను, గుర్తుందో లేదో. ఉద్యోగం నుంచి వచ్చి, మంచం మీద బోర్లా పడుకుని, టాబ్లెట్‌ను దిండు మీద పెట్టుకుని ఆడేదాన్ని. ఛార్జరు తగిలించే ఉండేది, ఎందుకంటే రెండు గంటలకే బ్యాటరీ అయిపోయేది. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆట నత్తనడక నడిచేది. నెట్ బాగాలేదని తిట్టుకునేదాన్ని. దిండు దాని వీపును మూసేసిందని గాని, ఛార్జింగ్ వేడి, చిప్ వేడి రెండూ కలిసి బ్యాటరీని ఉడికిస్తున్నాయని గాని తట్టలేదు. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉండి, పైగా వేడిగా ఉంటే త్వరగా ముసలిదవుతుంది. లోపలి ద్రవం విరిగి వాయువు పుడుతుంది. దానికి బయటికి దారి ఉండదు, బ్యాటరీ సంచీ ఉబ్బుతుంది.

కొన్ని నెలలకు తెర ఒక అంచున లేచింది. చీకట్లో చూస్తే ఆ సందులోంచి సన్నగా వెలుగు గీత. బల్ల మీద పెట్టి వేలితో తోస్తే బొంగరంలా తిరిగింది. నేనేం చేశానో తెలుసా? జిగురు ఊడిందనుకున్నాను. రెండు లావుపాటి నిఘంటువులు తెచ్చి దాని మీద పెట్టి, తెల్లారేసరికి అతుక్కుంటుందిలే అని ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను. పక్క గదిలో నువ్వు నిద్రపోతున్నావు.

తెల్లవారుజామున మీ నాన్న నీళ్ల కోసం లేచాడు. గదిలో ఏదో తియ్యటి వాసన, గోళ్ల రంగు సీసా తెరిచినట్టు. నన్ను లేపలేదు. ముందు ప్లగ్గు పీకాడు, తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటిగా తీశాడు. నేను కళ్లు తెరిచేసరికి స్టీలు పళ్లెంలో ఆ టాబ్లెట్ పెట్టుకుని, పామును మోస్తున్నట్టు చేతులు చాచి గుమ్మం దాటుతున్నాడు. "అక్కా, నువ్వు కదలకు" అన్నాడు, అంతే. పెరట్లో ఉత్త గచ్చు మీద పెట్టి, దూరంగా నిలబడి చూశాం. ఏమీ కాలేదు. మర్నాడు బాగుచేసేవాడు దాన్ని చూసి, ఉబ్బిన బ్యాటరీ కన్నా దాన్ని నొక్కడమే ప్రమాదమని, లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే అక్కడికక్కడే మండేదని చెప్పాడు. మీ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వారమంతా మాత్రం నిన్ను తన పక్కనే పడుకోబెట్టుకున్నాడు.

అతిగా భయపడుతున్నానని అనుకుంటావు. 2015లో ఎన్‌విడియా కంపెనీ తన షీల్డ్ టాబ్లెట్లను, బ్యాటరీ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉందని వెనక్కి పిలిపించింది. అదీ ఆటల కోసమే చేసిన టాబ్లెట్. నాది అది కాదు, నా తప్పుకు ఏ కంపెనీ బాధ్యురాలూ కాదు, నా దిండు తప్ప.

టాబ్లెట్ వద్దనడం లేదు. హాస్టల్‌కు మారుతున్నావు, ఏడాదికో గది అంటున్నావు, నీకు అదే కుదరవచ్చు. కొంటే గట్టి బల్ల మీద నిలబెట్టి, తొడుగు తీసి ఆడు. 2019 నుంచి ఐప్యాడ్‌లకు కన్సోల్ కంట్రోలర్లు కూడా కలుస్తున్నాయి కాబట్టి చేతిలో పట్టుకునే పనే లేదు. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటే మొదటి రోజే పెట్టు. ఛార్జింగ్‌లో ఉంచి ఆడకు. అంచు వెంట్రుకవాసి లేచినా ఆపేసి, ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.

కన్సోల్ కొంటే ఇంత కాపలా అక్కర్లేదు. ఆ పెట్టెలో ఉబ్బే బ్యాటరీ లేదు, కంట్రోలర్లలో ఉన్నవి చిన్నవి. అలాగని అలమరలో పెట్టి తలుపు వేసెయ్యకు, చుట్టూ గాలి ఆడనివ్వు, దుమ్ము తుడుస్తూ ఉండు. ఎక్కువ కాలం పనికొస్తుంది కూడా. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4కి పదేళ్లు దాటాక సైతం కొత్త ఆటలు వచ్చాయి. నన్నడిగితే కన్సోలే. కానీ నువ్వు నన్ను అడగలేదు, మీ నాన్న అడిగాడు.

వాడు ఎందుకు అడిగాడో నాకు తెలుసు. చిన్నప్పుడు మాకు ఒక ఆటల పెట్టె ఉండేది, 1983 నాటి నింటెండో వాళ్ల కన్సోల్ ఫామికామ్‌కు నకలు. క్యాసెట్ ఆడకపోతే ఊది పెట్టేవాళ్లం. ఊదడం వల్ల పిన్నులకు తేమ పట్టి తుప్పు చేరుతుందే తప్ప ఉపయోగం లేదని, తీసి మళ్లీ పెట్టడం వల్లే ఆడేదని చాలా ఏళ్లకు తెలిసింది. దానికి రెండు కంట్రోలర్లు, రెండో దానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. మొదటిది ఎప్పుడూ నాదే. ఆట కాసేపు ఆపాలన్నా మీ నాన్న నన్ను బతిమాలుకోవాల్సిందే. కొన్నిసార్లు ఏడ్చేవాడు కూడా.

కన్సోలే కొంటే ఇంకో కంట్రోలర్ కూడా కొను, దాని డబ్బు నేను పంపుతాను. ఇప్పుడు అన్నింటికీ అన్ని బటన్లూ ఉంటాయి. ఆ సంగతి మాత్రం నేను వచ్చేదాకా మీ నాన్నకు చెప్పకు.

నీ
అత్తయ్య