జూపిటర్‌ను బృహస్పతి అనవచ్చునా?

సందేహం: పిల్లల కోసం రోమన్ దేవతల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. అందులోని ఒక పేరా ఇది: "రోమన్ల దేవతల రాజు బృహస్పతి. ఆయన యొక్క ఆయుధం పిడుగు. ఆయన తమ్ముడు వరుణుడు. రతీదేవి, ఆమె కుమారుడు మన్మథుడు ప్రేమకు దేవతలు. జూనో, మినర్వా బృహస్పతితో పాటు ఒకే గుడిలో ఉంటాయి." నిఘంటువులో జూపిటర్‌కు బృహస్పతి, నెప్ట్యూన్‌కు వరుణుడు అని ఉంది. చదివినవాళ్ళు మాత్రం ఏదో పొసగలేదంటున్నారు. పేర్లు తెలుగు చేయాలా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలా? ఉంచితే 'జూపిటర్కు' అని రాయాలా, 'జూపిటరుకు' అనాలా? వీనస్ 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా?

సమాధానం: నిఘంటువు తప్పు చెప్పలేదు, కానీ అది చెప్పింది గ్రహం పేరు. జూపిటర్ అనే గ్రహాన్ని తెలుగులో బృహస్పతి అనీ గురుడు అనీ అంటాం. జూపిటర్ అనే దేవుడు బృహస్పతి కాడు. గ్రహానికి మనకు ముందునుంచీ పేరుంది, అదే వాడాలి. దేవుడిది వ్యక్తినామం, దాన్ని మార్చకూడదు. మీ పేరాలో మొదటి చిక్కు ఈ రెంటినీ ఒకటి చేయడం వల్ల వచ్చిందే.

ఈ జతలు వారాల పేర్లలో బలంగా నాటుకుపోయాయి. లాటిన్‌లో జూపిటర్ రోజు మనకు గురువారం, మార్స్ రోజు మంగళవారం, మెర్క్యురీ రోజు బుధవారం, వీనస్ రోజు శుక్రవారం, సాటర్న్ రోజు శనివారం. ఏడు రోజులకు ఏడు గ్రహాలను ముడివేసే ఈ వరుస రోమన్ సామ్రాజ్యంలోనూ మన దేశంలోనూ ఒకటే. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో గుప్తరాజు బుధగుప్తుని కాలపు స్తంభశాసనం, క్రీ.శ. 484 నాటిది, తన తేదీని 'సురగురువు దివసం' అని చెబుతుంది. అంటే గురువారమే. కానీ ఒకే గ్రహానికి అక్కడ ఒక దేవుణ్ణీ ఇక్కడ ఒక దేవుణ్ణీ అధిపతిగా చెప్పినంత మాత్రాన ఆ ఇద్దరి కథా ఒకటైపోదు.

ఆ ఇద్దరినీ ఒకటి చేస్తే ఏమవుతుందో మీ మొదటి రెండు వాక్యాల్లోనే కనబడుతోంది. తెలుగు పాఠకుడికి బృహస్పతి అంటే దేవతల గురువు, బుద్ధిమంతుడు. ఆయన చేత పిడుగు వేయిస్తే చదివేవాడు ఆగిపోతాడు. పిడుగు వేసేవాడు, దేవతలకు రాజు అయినవాడు మనకు ఇంద్రుడు. అలాగని జూపిటర్‌ను ఇంద్రుడనీ అనలేం. మన పురాణాల్లో ఇంద్రత్వం ఒక పదవి, రాక్షసుల చేతిలో మాటిమాటికీ పోతుంటుంది. రోమన్లకు జూపిటర్‌ను మించినవాడు లేడు. 'మన ఇంద్రుడిలా పిడుగు ఆయుధంగా గలవాడు' అని పోల్చండి. పోలికకు ఉపయోగపడిన పేరును అసలు పేరు స్థానంలో కూర్చోబెట్టవద్దు.

మాట పుట్టుకను బట్టి చూసినా జూపిటర్‌కు మన దగ్గర చుట్టం బృహస్పతి కాదు. ఋగ్వేదంలోని ద్యౌష్పిత, అంటే ఆకాశమనే తండ్రి. జూపిటర్‌లోని 'పిటర్' లాటిన్ 'పతెర్', మన 'పితృ' ఒకే మూలం నుంచి వచ్చాయి. ముందున్న 'జూ' మన 'ద్యౌ'కు జోడీ. లాటిన్‌లో ఈ పేరు ప్రథమా విభక్తిలో 'యుప్పితెర్', షష్ఠిలో 'యోవిస్'. తెలుగులో 'ఇల్లు' విభక్తి చేరేసరికి 'ఇంటి' అయినట్టే ఇదీ. ఇంగ్లీషు పుస్తకాల్లో కనబడే 'జోవ్' ఈ రెండో రూపం నుంచి వచ్చింది. జోవ్, జూపిటర్ అని ఇద్దరు దేవుళ్ళు లేరు. అనువాదాల్లో ఈ పొరపాటు తరచు దొర్లుతుంది, మీ వ్యాసంలో జాగ్రత్త పడండి.

వరుణుడితో ఇబ్బంది ఇంకో రకం. 'వరుణుడు కరుణించాడు' అంటే ఇవాళ తెలుగువాడికి వాన పడిందని అర్థం. పత్రికలన్నీ ఆ అర్థంలోనే రాస్తున్నాయి. నెప్ట్యూన్ సముద్రానికీ నీళ్ళకూ దేవుడు, వాన ఆయన పని కాదు. రోమన్లు వాన కోసం మొక్కింది జూపిటర్‌కే.

శని సంగతి చూస్తే ఇది మరీ స్పష్టమవుతుంది. తెలుగులో 'శని పట్టింది' అన్న మాటలోనే భయముంది. సాటర్న్ రోమన్లకు విత్తులు చల్లడం నేర్పిన దేవుడు. ఆయన పాలించిన కాలమే బంగారు యుగమని వాళ్ళ నమ్మకం. రోము నగరం నడిబొడ్డున ఉన్న ఆయన గుడిలోనే రాజ్య ఖజానా ఉండేది. ఏటా డిసెంబర్ 17న మొదలయ్యే ఆయన పండుగలో యజమానులే బానిసలకు వడ్డించేవారు. దీన్ని 'శని పండుగ' అని రాస్తే చదివేవాడి మనసులో సరిగ్గా తలకిందుల భావం కలుగుతుంది. 'సాటర్నేలియా అనే విత్తుల దేవుడి పండుగ' అంటే సరిపోతుంది.

రతీదేవి, మన్మథుడు అన్నచోట పొరపాటు చాలా పెద్దది. దాన్ని వెంటనే దిద్దండి. క్యూపిడ్ విల్లూ బాణాలూ పట్టుకుని ఉంటాడు కనుక మన్మథుడన్నారు, వీనస్ శృంగారానికి దేవత కనుక రతీదేవి అన్నారు. ఒక్కొక్కటీ విడిగా ఒప్పుకోదగ్గట్టే ఉంది. కానీ వీనస్ క్యూపిడ్‌కు తల్లి, రతి మన్మథుడికి భార్య. రెండూ పక్కపక్కన పెట్టేసరికి వావి తప్పింది. మన్మథుడి తల్లి మనకు లక్ష్మీదేవి. అందుకని వీనస్‌ను లక్ష్మి అందామా అంటే, లక్ష్మికి సంపద ముఖ్యం, వీనస్‌కు అందం, వలపు ముఖ్యం. ఒక దేవుడికి సమానార్థకం ఎంచుకునేటప్పుడు ఆయన పని ఒక్కటే చూస్తే చాలదు. ఎవరికి ఏమవుతాడో కూడా సరిపోవాలి. అది సరిపోయే జత దాదాపు దొరకదు, కాబట్టి వీనస్‌ను వీనస్ అనే అనండి.

మరి పిల్లలకు ఎలా తెలుస్తుంది? పేరు మొదటిసారి వచ్చినప్పుడు పని చెప్పండి: పంటల దేవత సెరెస్, కమ్మరుల దేవుడు వల్కన్, వేట దేవత డయానా, పొయ్యినీ ఇంటినీ కాచే వెస్టా. ఒక్క విశేషణం చాలు, రెండోసారి నుంచి పేరు చాలు. మార్స్ దగ్గర మాత్రం 'యుద్ధ దేవుడు' అని ఊరుకోకండి. రోమన్ రైతులు పొలానికి చీడపీడలు రాకుండా చూడమని మొక్కిందీ ఆయనకే. మెర్క్యురీకి 'వర్తకుల దేవుడు, దేవతల దూత' అనండి. ఈ ఒక్క ఇంగ్లీషు మాటకు తెలుగులో మూడు మాటలున్నాయి: దేవుడు మెర్క్యురీ, గ్రహం బుధుడు, లోహం పాదరసం. మూడింటినీ కలపకుండా ఉండడం మన భాషకున్న సౌకర్యం, పోగొట్టుకోకూడదు.

ఇక 'వచ్చాడా, వచ్చిందా' అన్న ప్రశ్న. తెలుగు క్రియ ఏకవచనంలో పురుషుణ్ణి వేరు చేస్తుంది, స్త్రీని తక్కినవాటితో కలుపుతుంది. మార్స్ వచ్చాడు, వీనస్ వచ్చింది. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరతారు: జూనో, మినర్వా వచ్చారు. మీరు రాసిన 'ఉంటాయి' గుడిలో స్తంభాలకు సరిపోతుంది గాని దేవతలకు సరిపోదు, 'ఉంటారు' అనాలి. వీనస్‌కు సర్వనామం 'ఆమె', 'అది' కాదు. గ్రహం గురించి రాసేటప్పుడు క్రియ మీరు ఎంచుకున్న మాటను బట్టి మారుతుంది: 'శుక్రుడు 225 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టివస్తాడు', 'శుక్రగ్రహం చుట్టివస్తుంది'. 'వీనస్ చుట్టివస్తాడు' అని రాస్తున్నవాళ్ళు మనసులో శుక్రుణ్ణి తలచుకుని పైకి ఇంగ్లీషు పేరు రాస్తున్నారన్నమాట.

'దేవత' అనే మాట సంస్కృతంలో వ్యాకరణ రీత్యా స్త్రీలింగమే అయినా మగ దేవుళ్ళకూ చెల్లుతుంది. తెలుగులో ఏకవచనంలో 'దేవత' అంటే ఆడదేవతే ముందు తోస్తుంది. అందుకని 'యుద్ధ దేవత మార్స్' వద్దు, 'యుద్ధ దేవుడు' అనండి. బహువచనంలో ఈ చిక్కు లేదు. 'రోమన్ దేవతలు' అంటే అందరూ వస్తారు, 'దేవీదేవతలు' అని సాగదీయనక్కరలేదు.

'తమ్ముడు వరుణుడు' అన్నచోట ఇంకో చిక్కుంది. ఇంగ్లీషులో అన్నకూ తమ్ముడికీ ఒకటే మాట, తెలుగులో ఏదో ఒకటి తేల్చాలి. ఇక్కడ తేల్చడం కుదరదు. జూపిటర్‌కు గ్రీకు జోడీ అయిన జియుస్‌ను ప్రాచీన గ్రీకు కవుల్లో హెసియడ్ తోబుట్టువులందరిలో చిన్నవాడంటాడు, హోమర్ సముద్ర దేవుడికన్నా పెద్దవాడంటాడు. 'సోదరుడు' అని రాయండి. జూనో జూపిటర్‌కు భార్యే కాక తోబుట్టువు కూడా. అక్కడా 'సోదరి' అనే అనాలి.

విభక్తుల విషయానికి వద్దాం. పొల్లుతో ముగిసే పరాయి పేరు తెలుగులో అడుగుపెట్టగానే చివర ఉకారం తెచ్చుకుంటుంది. 'జూపిటరూ మార్సూ నెప్ట్యూనూ' అని మీరే పలికి చూడండి, పొల్లు కనబడదు. కనుక 'జూపిటరుకు' నిక్షేపంలాంటి తెలుగు. 'జూపిటర్‌కు' కూడా తప్పు కాదు, ఇవాళ ఎక్కువమంది రాసేది అదే. 'జూపిటర్కు' మాత్రం వద్దు. అక్కడ 'ర'కు కిందికి 'క' ఒత్తు వచ్చి, మూల పదం ఎక్కడ ఆగిందో చదివేవాడికి తెలియకుండా పోతుంది. 'నెప్ట్యూన్ను', 'మార్స్కు' చూడండి, కళ్ళు తడబడతాయి. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనబడని అక్షరం పెడితే ఒత్తు రాకుండా విడిగా నిలుస్తుంది. అది మీ కీబోర్డులో దొరక్కపోతే ఉకారమే పెట్టండి. ఏ పద్ధతి పట్టినా వ్యాసమంతా అదే ఉండాలి. ఇకార ఈకారాల తరువాత కి, ని వస్తాయి: మెర్క్యురీకి, మెర్క్యురీని. తక్కిన అచ్చుల తరువాత కు, ను: జూనోకు, డయానాను. 'ఆయన యొక్క ఆయుధం'లో 'యొక్క' తీసేయండి, 'ఆయన ఆయుధం' చాలు.

ఉచ్చారణకు లాటిన్‌ను పట్టుకుని యుప్పితెర్, కెరెస్ అని రాయక్కరలేదు. జనానికి అలవాటైన రూపమే మంచిది. అయితే రెండుచోట్ల చూసుకోవాలి. పంటల దేవతను 'సీరీస్' అంటే టీవీ సిరీస్‌లా వినబడుతుంది, సెరెస్ అనండి. గ్రీకు దేవుణ్ణి 'జ్యూస్' అని రాస్తే పండ్లరసం గుర్తొస్తుంది, జియుస్ అనండి. అసలు గ్రీకు పేర్లు రోమన్ వ్యాసంలో రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. వీనస్ ఉన్నచోట అఫ్రొడైటీ, మినర్వా ఉన్నచోట అథీనా వచ్చి కూర్చుంటే పిల్లలు నలుగురు దేవతలనుకుంటారు. ముఖ్య దేవతల్లో రెండుచోట్లా ఒకే పేరున్నది అపోలో ఒక్కడికే. రెండు ముఖాల జానస్‌కు గ్రీకుల్లో జోడీయే లేడు.

మీ పేరా ఇలా ఉండవచ్చు:

"రోమన్ దేవతల రాజు జూపిటర్. మన ఇంద్రుడిలాగే ఆయన ఆయుధం పిడుగు. సముద్రాల నేలిక నెప్ట్యూన్ ఆయన సోదరుడు. వలపు దేవత వీనస్, ఆమె కొడుకు విల్లు పట్టిన క్యూపిడ్. రోములో కాపిటోలిన్ కొండమీది పెద్ద గుడిలో మూడు గదులుండేవి. మధ్యది జూపిటర్‌ది, ఇరుపక్కలవి జూనోకు, మినర్వాకు. ఆ గుడి క్రీ.పూ. 509లో ప్రతిష్ఠ అయిందని రోమన్లు చెప్పుకునేవారు."

పన్నెండుమంది ముఖ్య దేవతల పేర్లూ చెప్పాలనుకుంటే క్రీ.పూ. 217 నాటి విందును తీసుకోండి. ఇటలీలోని ట్రాసిమీన్ సరస్సు దగ్గర కార్తేజ్ సేనాని హానిబాల్ చేతిలో ఓడిపోయాక, రోమన్లు దేవతలను శాంతింపజేయడానికి ఆరు పాన్పులు పరిచి ఒక్కో పాన్పు మీద ఇద్దరిద్దరికి నైవేద్యం పెట్టారు: జూపిటర్, జూనో, నెప్ట్యూన్, మినర్వా, మార్స్, వీనస్, అపోలో, డయానా, వల్కన్, వెస్టా, మెర్క్యురీ, సెరెస్. వీళ్ళను 'ఆరు జంటలు' అనవచ్చు, 'ఆరుగురు దంపతులు' అనకూడదు. అపోలో, డయానా కవలలు, వెస్టా, మినర్వా పెళ్ళే చేసుకోలేదు. ఆ ఆరు జంటల్లో భార్యాభర్తల జంట జూపిటర్, జూనోలదే.