గట్టు మీద సుబాబుల్, మడిలో ఊద: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నల్లరేగడిలో ఏటా శనగ వేస్తాను. దక్షిణం గట్టు మీద సుబాబుల్ ఎనిమిది మీటర్లు పెరిగింది. ఆ పక్క ఇరవై సాళ్ల దాకా మొక్క ఏపుగా సాగుతోంది గానీ కాయ పట్టడం లేదు. ఎరువు ఎక్కువైందా?
– రైతు, టంగుటూరు మండలం

జవాబు: ఎరువు కాదండీ, నీడ. చెట్టు వేళ్లు తేమ లాగేస్తుంటే పక్కనున్న మొక్క గిడసబారి, ఆకు చిన్నదై, ముందే పండిపోతుంది. వెలుగు చాలనప్పుడు కాడ సన్నగా సాగుతుంది, కణుపుల మధ్య ఎడం పెరుగుతుంది, కొమ్మలు తగ్గుతాయి, పూత నిలవదు. మీరు రాసింది ఈ రెండోది.

ఆకులు ఎండలోని ఎరుపు కాంతిని పీల్చుకుని, దాని పక్కనే ఉండే, కంటికి సరిగా కనిపించని దూర ఎరుపును చాలావరకు వదిలేస్తాయి. ఆరుబయట ఈ రెండూ ఇంచుమించు సమానం. దట్టమైన ఆకుల కింద మాత్రం ఎరుపు బాగా తగ్గిపోతుంది. మొక్కలోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఈ తేడాను పసిగట్టగానే ఆహారం కాడ పెంపుకు మళ్లుతుంది. తోటి మొక్కల మధ్య ఈ తంత్రం పనిచేస్తుంది. ఎనిమిది మీటర్ల చెట్టు ముందు శనగ ఎంత సాగినా వెలుగు అందదు, కాయకు దక్కాల్సింది కూడా పోతుంది.

మీ ప్రాంతంలో డిసెంబరు మూడో వారం మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చెట్టు ఎత్తులో 80 శాతం, అంటే దాదాపు ఆరున్నర మీటర్ల నీడ ఉత్తరానికి, మీ చేలోకి పడుతుంది. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు లెక్కేస్తే మీ ఇరవై సాళ్లు ఇంచుమించు తేలతాయి. జూన్‌లో మధ్యాహ్నపు నీడ సుమారు మీటరే, పైగా దక్షిణానికి పడుతుంది. అందుకే ఖరీఫ్ పైరును చూసి గట్టు చెట్టుతో ఇబ్బంది లేదనుకుంటే రబీలో దెబ్బ తగులుతుంది.

శనగ విత్తే ముందే సుబాబుల్‌ను నాలుగు మీటర్లకు నరికించండి, నీడ సగమవుతుంది. మళ్లీ చిగుర్చే చెట్టే కాబట్టి భయం లేదు. కొట్టిన ఆకు పశువులకు వేయొచ్చు, కానీ అందులో మైమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది గనుక మొత్తం మేతలో మూడో వంతు మించనివ్వకండి. నీడ సాళ్లలో విత్తనం ఒత్తుగా వేయడం మాత్రం వద్దు, మొక్కలు ఒకదాన్నొకటి ఇంకా సాగదీసుకుంటాయి. కొత్తగా నాటేవారు ఉత్తరం గట్టును ఎంచుకోండి, అదీ అవతల దారో వాగో ఉంటేనే. పొరుగు రైతు చేను ఉంటే నష్టం ఆయనకు చుట్టుకుంటుంది.

ప్రశ్న: డ్రమ్ సీడర్‌తో (మడిలో విత్తనాన్ని నేరుగా సాళ్లలో వేసే పరికరం) వేసిన వరిలో నెలన్నరకు ఊద కలుపు పైరును మించి లేచింది. ఇప్పుడు పీకిస్తే దిగుబడి నిలుస్తుందా?
– రైతు, కోవూరు మండలం

జవాబు: పోయిన పిలకలు తిరిగి రావు. విత్తిన తొలి నెలన్నరలోనే వెలుగు ఎవరిదో తేలిపోతుంది. మండే ఎండలో ఊద వరికన్నా వేగంగా ఆహారం తయారు చేసుకుంటుంది, పొట్టి రకాల మీద తేలిగ్గా పైచేయి సాధిస్తుంది. అయినా పీకించండి. గింజ రాలకముందే తీస్తే వచ్చే పంటకు విత్తనం తగ్గుతుంది. ఊద ఉండగా యూరియా వేయకండి, అది కలుపుకే మేత.

వచ్చేసారి విత్తిన 15–20 రోజులకు, ఊద రెండు నుంచి నాలుగు ఆకులతో ఉన్నప్పుడు, 10 శాతం బిస్‌పైరిబాక్ సోడియం కలుపు మందు ఎకరాకు 100 మిల్లీలీటర్లు 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. ముందు నీరు తీసేయాలి. కలుపు మునిగి ఉంటే మందు ఆకుకు తగలదు. రెండు రోజులయ్యాక నీరు పెట్టి రెండు అంగుళాలు నిలపండి. నీటి కింద కొత్త ఊద మొలక తగ్గుతుంది. ఈలోగా వరి గుబురు కమ్ముకుంటే ఆలస్యంగా మొలిచింది నీడలో నీరసిస్తుంది.

ప్రశ్న: రెండేళ్ల నిమ్మతోటలో కంది వేయవచ్చా?
– రైతు, పొదలకూరు మండలం

జవాబు: వద్దు. కంది నిమ్మ ఎత్తును దాటి, నెలల తరబడి వెలుగును అడ్డుకుంటుంది. మినుము, వేరుశనగ వేయండి. ఆరు మీటర్ల వరుసల మధ్య, మొక్క మొదలుకు రెండు పక్కలా మీటరు చొప్పున ఖాళీ వదలండి.