ముందు పాప రాయాలి, తర్వాతే ఏఐ చూడాలి

ప్రశ్న: మా పాప పదో తరగతి. నేలపట్టు పక్షుల మీద ప్రాజెక్టును చాట్‌జీపీటీతో రాయించి, ఉన్నదున్నట్టు నోట్సులోకి ఎక్కించేసింది. వివరం అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయింది. ఫోన్ లాక్కోమంటారా?
– ఒక తల్లి, కావలి

జవాబు: లాక్కుంటే స్నేహితురాలి ఫోన్‌లో రాయిస్తుందమ్మా. పని వరుస మార్చండి. పాఠ్యపుస్తకం చదివి, చూసినవాళ్లను అడిగి, ముందు తనే పదిహేను పంక్తులు రాయాలి. తప్పులున్నా ఫర్వాలేదు. తర్వాత దాన్ని ఏఐకి ఇచ్చి, ‘తిరగరాయొద్దు, అర్థంకాని చోట ఐదు ప్రశ్నలు అడుగు’ అనాలి. ఆ జవాబులు కలిపి రెండో ప్రతి తనే రాయాలి. ఊరికే ‘సరిచెయ్యి’ అంటే మొత్తం మార్చేస్తుంది. పాప రాసిన ‘గూడబాతు’ పెలికాన్ అవుతుంది, ‘కయ్య’ వ్యవసాయ క్షేత్రమవుతుంది. పిల్ల మాట పోయాక ఆ వ్యాసంలో పిల్లది ఏం మిగిలినట్టు?

ఇక తప్పుల సంగతి. ఏఐ తను చదివిన రాతలను బట్టి, తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. నేలపట్టు నెల్లూరు జిల్లాలో ఉందని పాత రాతలు బోలెడు. 2022 ఏప్రిల్ 4 నుంచి అది తిరుపతి జిల్లాలో ఉంది. నేలపట్టులో గూళ్లు కట్టేవి గూడబాతులు. రాజహంసలు (ఫ్లెమింగోలు) పులికాట్ సరస్సు లోతులేని నీళ్లలో మేతకు దిగుతాయి. ఈ రెండూ కలగాపులగమైనా వాక్యం నున్నగానే ఉంటుంది, అందుకే పిల్లలు పట్టుకోలేరు. ప్రతి అంకె, ఊరు, సంవత్సరం కింద పెన్సిల్ గీత గీయించి, పుస్తకంలోనో జిల్లా వెబ్‌సైట్‌లోనో సరిచూడమనండి. దొరక్కపోతే కొట్టేయాలి. పుస్తకాల పేర్లయితే మరీ జాగ్రత్త, లేనివి పుట్టిస్తుంది.

ఏఐ రాతను పట్టిస్తామనే సైట్ల మాట విని పిల్లను దండించకండి. ఓపెన్‌ఏఐ తను తెచ్చిన అలాంటి పరికరాన్నే కచ్చితత్వం చాలక 2023 జూలైలో తీసేసింది. నోట్సు మూయించి, ‘గూడబాతులు అక్కడే ఎందుకు గూళ్లు కడతాయి?’ అని అడగండి. నీళ్లలో నిలిచిన చెట్లున్నాయని, చేపలకు పులికాట్ దగ్గరని తన మాటల్లో చెబితే ఆ ప్రాజెక్టు తనదే. మొదటి ప్రతి పారేయకుండా ఉంచి, ఏఐని దేనికి వాడిందో చివర రెండు పంక్తుల్లో రాయించండి. టీచరు అడిగితే అవే చూపించవచ్చు.

చాట్‌జీపీటీకి 13 ఏళ్లు నిండాలి, 18 లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పాప ఫొటో, ఆధార్ నంబరు అందులో పెట్టనివ్వకండి.