లేయర్ సెపరేషన్‌కి కెమెరా పెడితే ఇక ఆపరేటర్ అక్కర్లేదా?

కెమెరా, ఇమేజ్ అనాలిసిస్ పెట్టేస్తే సెపరేటర్ (నీళ్లూ సాల్వెంటూ రెండు పొరలుగా విడిపోయాక కింది పొరను దించేసే పాత్ర) దగ్గర మనిషి నిలబడే పని తప్పుతుందా అని అడిగారు. బల్క్ డ్రగ్ ప్రొడక్షన్‌లో ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినవాణ్ని. కెమెరా పనికొస్తుంది గానీ, అమ్మేవాళ్లు చెప్పే పనికి కాదు.

డెమో ఎప్పుడూ టోలీన్, నీళ్లతోనే చూపిస్తారు. టోలీన్ వక్రీభవన గుణకం 1.50, నీటిది 1.33. ఇంత తేడా ఉంటే మధ్య గీత ఎవరికైనా కనిపిస్తుంది, దానికి సాఫ్ట్‌వేర్ దేనికి? అదే ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్‌ది 1.37, నీటికి దగ్గర కాబట్టి గీత అంత తేలిగ్గా కనపడదు. పైగా ప్లాంట్‌లో చాలాసార్లు రెండు లేయర్లూ డికాక్షన్ రంగులోనే ఉంటాయి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి నేర్పడానికి 2020లో టొరంటో యూనివర్సిటీ వాళ్లు విడుదల చేసిన వెక్టర్-ల్యాబ్‌పిక్స్ అనే ఫొటోల సెట్‌లో 2,187 ఫొటోలున్నాయి, కానీ అవి ఎక్కువగా ల్యాబ్ గాజు సామాను ఫొటోలు. మన సైట్ గ్లాస్ (సెపరేటర్ లోపలికి చూసే గాజు కిటికీ) మొహం వాటికి తెలీదు.

జీడిమెట్లలో మేం ట్రయల్ వేసిన రాత్రి ఇదే తేలింది. ఇథైల్ అసిటేట్ ఎక్స్‌ట్రాక్షన్ అయ్యాక మిశ్రమం అంతా సెపరేటర్‌లోకి దించాం. కాసేపటికి స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత వచ్చింది. వెండర్ తరఫున వచ్చిన కుర్రాడి ముఖం వెలిగిపోయింది. బాటమ్ వాల్వ్ తెరిచి నీళ్లు దించుతుంటే గీత కూడా కిందికి రావాలి కదా, అది అక్కడే ఉంది! ఆపరేటర్ గ్లాస్‌కి టార్చ్ ఆనించి చూసి, "సార్, గది లేయర్ గాదు, పాత బ్యాచ్ మరక" అన్నాడు.

తర్వాత లైటు ఎదురుగా కాకుండా గ్లాస్ వెనక నుంచి వేశాం. దించేటప్పుడు కదలనిదాన్ని లెక్కలోంచి తీసేయమని ప్రోగ్రామ్‌లో పెట్టారు. అప్పుడు సరిగ్గా పట్టుకుంది. ఆ కిటుకు చెప్పింది ఆపరేటర్. రిపోర్టులో మాత్రం అతని పేరు లేదు.

ఫోన్ కెమెరాతో అయిపోదా అనేవాళ్లు సాల్వెంట్ ఏరియా చూసి ఉండరు. ఫోన్ లోపలికే రానివ్వరు. కెమెరా అయినా లైటైనా ఫ్లేమ్‌ప్రూఫ్‌ది (లోపలి మంట బయటికి రానివ్వనిది), పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో అనుమతి ఉన్నది కావాలి. ఖర్చంతా అక్కడే. కేవలం లేయర్ ఎప్పుడు మారిందో తెలియాలంటే అవుట్‌లెట్ లైన్లో కండక్టివిటీ ప్రోబ్ చాలు. ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది, సాల్వెంట్‌లో పారదు.

కెమెరా అసలు పని రాగ్ లేయర్ దగ్గర, అంటే రెండు పొరల మధ్య విడిపోకుండా మిగిలే నురగలాంటి పొర దగ్గర. బ్యాచ్ షీట్‌లో "30 నిమిషాలు సెటిల్ చేయాలి" అని ఉంటుంది. ల్యాబ్‌లో ఎవరో చిన్న ఫన్నెల్ చూసి రాసిన మాట అది. ఒక బ్యాచ్ పది నిమిషాలకే తేరుకుంటుంది, అయినా షీట్ కోసం గడియారం చూస్తూ నిలబడాలి. ఇంకోటి గంటైనా మధ్యలో నురగలా అలాగే ఉంటుంది. ఆర్ అండ్ డీకి చెబితే "మా దగ్గర రాలేదే" అంటారు. రాగ్ నిమిష నిమిషానికీ ఎంత తగ్గుతోందో కెమెరా రికార్డు చేస్తే ఆ వాదనే ఉండదు. తగ్గడం ఆగిపోయిందంటే ఇంకా ఎదురుచూడటం దండగ. ఉప్పు వేయాలో, కొంచెం వేడి చేయాలో, హైఫ్లో (వడకట్టడానికి వాడే పొడి) బెడ్ మీద ఫిల్టర్ చేయాలో అప్పుడే తేల్చుకోవచ్చు.

ఇక మనిషి సంగతి అంటారా, గ్లాస్ తుడిచేదీ, బెడ్ వేసేదీ, వాల్వ్ తిప్పేదీ అతనే. కెమెరా కొనే ముందు ఆ సెపరేటర్ దగ్గర లైట్లు మార్పించండి. మా దగ్గర లైట్ల ఇండెంట్ ఎన్నాళ్లుగానో పెండింగ్‌లో ఉండి, కెమెరాకి సరిగ్గా కనపడటం లేదని తెలిశాక పాసైంది.