అమెరికాలో కొరియన్ స్టూడెంట్ క్లబ్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. కొరియన్ కాని తెలుగు స్టూడెంట్ అమెరికా యూనివర్సిటీలో కొరియన్ కల్చరల్ ఆర్గనైజేషన్ పెట్టొచ్చా? పెడితే మొదట ఏం చెయ్యాలి? నేను మిన్నెసోటాలో ఎమ్మెస్ చేసేటప్పుడు అలాంటి క్లబ్ మొదలుపెట్టిన బృందంలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: పెట్టొచ్చు. కాకపోతే ఫారమ్ నింపే ముందు కొరియన్ విద్యార్థులతో కూర్చుని మాట్లాడండి.

రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. నలుగురైదుగురు ఆఫీసర్లు, ఒక అడ్వైజర్, రెండు మూడు పేజీల నియమావళి ఉంటే చాలాచోట్ల పని అయిపోతుంది. నియమావళి నమూనా స్టూడెంట్ యాక్టివిటీస్ ఆఫీసు వాళ్లే ఇస్తారు. సభ్యత్వం జాతితో సంబంధం లేకుండా అందరికీ ఇవ్వాలని సాధారణంగా షరతు ఉంటుంది, కాబట్టి మీరు చేరడానికి అడ్డేమీ లేదు.

అసలు కష్టం వేరే ఉంది. బయటినుంచి చూస్తే "కొరియన్లు" అంతా ఒకటే అనిపిస్తారు. సియోల్ నుంచి, బుసాన్ నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్లు వేరు. వాళ్లకి కావాల్సింది సొంత భాషలో నాలుగు మాటలు, ఇంటి భోజనం. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం తర్వాత వచ్చిన కుటుంబాల పిల్లలు, మనవలు వేరు. చాలామందికి భాష అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే మొహమాటం. ఇక మిన్నెసోటాలో మూడో వర్గం కూడా ఉంది. కొరియా యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలపాటు అక్కడి పిల్లల్ని అమెరికన్ కుటుంబాలు దత్తత తీసుకున్నాయి, ఈ రాష్ట్రానికే వేలమంది వచ్చారు. అలా పెరిగిన అమ్మాయి ఒకామె మా మొదటి మీటింగ్‌కి వచ్చి, అందరూ గబగబా కొరియన్‌లో మాట్లాడుకుంటుంటే వెనక బెంచీలో మౌనంగా కూర్చుంది. అది చూశాక మా ప్రెసిడెంట్ మీటింగులన్నీ ఇంగ్లీషులో జరగాలని, కొరియన్ నేర్చుకునే గంట విడిగా ఉండాలని పట్టుబట్టాడు. క్లబ్ నిలబడటానికి ఆ ఒక్క నిర్ణయమే కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

వారానికి ఒకసారి జరిగే ఆ గంటనే పునాదిగా పెట్టుకోండి. పెద్ద డాన్స్ షోతో మొదలుపెడితే ఒక్క సాయంత్రం హాలు నిండుతుంది, మర్నాటినుంచి ఎవరూ కనిపించరు. అలాగని కె-పాప్ కోసం వచ్చేవాళ్లని తక్కువగా చూడకండి. మా దగ్గర కొరియన్ లిపి హంగుల్‌ని పట్టుదలగా నేర్చుకున్నది ఎక్కువగా వాళ్లే. ప్రాథమిక అక్షరాలు 24 మాత్రమే, శ్రద్ధ ఉంటే వారంలో కూడబలుక్కుని చదవొచ్చు. సెజోంగ్ రాజు 1446లో ఈ లిపిని ప్రకటించాడు. దక్షిణ కొరియాలో అక్టోబర్ 9న హంగుల్ దినం జరుపుతారు, ఫాల్ సెమిస్టర్‌లో మొదటి కార్యక్రమానికి అనువైన తేదీ అది.

కానీ నా ఓటు చుసోక్ పండుగకే. కొరియన్ చాంద్రమానంలో ఎనిమిదో నెల పౌర్ణమి, చాలా ఏళ్లు మన భాద్రపద పౌర్ణమితో కలుస్తుంది. ఆ రోజు వాళ్లు పూర్వీకులకి భోజనం పెట్టి నమస్కరిస్తారు. మన పితృపక్షం ఆ మర్నాడే మొదలవుతుందని చెబితే మా కొరియన్ స్నేహితులు ఎంత సంబరపడ్డారో! సోంగ్‌ప్యోన్ అందరం కలిసి చేశాం. బియ్యప్పిండిలో నువ్వుల పూర్ణం పెట్టి మన కుడుముల్లాగే ఆవిరి మీద ఉడికిస్తారు. చేతులు పనిలో ఉంటే కొత్తవాళ్లకి మాటలు వాటంతటవే వస్తాయి. పాచికల బదులు పుల్లలు విసిరి ఆడే యున్నోరి ఆట కూడా పెట్టండి, నాలుగు పుల్లలు, కాగితం మీద గీసిన పటం, కొన్ని కాయలు చాలు.

తిండి దగ్గర ఒక జాగ్రత్త. కిమ్చీ చూడ్డానికి కూరగాయల పచ్చడే గానీ మామూలుగా అందులో చేపల సాస్ గానీ ఉప్పులో ఊరిన రొయ్యలు గానీ వేస్తారు. కారం సాస్‌లో ఉడికే బియ్యప్పిండి ముక్కల వంటకం తోక్‌పొక్కికి తరచుగా నెత్తళ్లు ఉడికించిన నీళ్లు వాడతారు. మన శాకాహారులు, హలాల్ మాత్రమే తినే ముస్లిం స్నేహితులు తప్పకుండా వస్తారు. ప్రతి గిన్నె ముందు అందులో ఏముందో రాసి పెట్టండి. క్యాంపస్‌లో ఇంట్లో వండినవి పంచడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

సినిమా వెయ్యాలనుకుంటే సొంత ఓటీటీ ఖాతాతో హాల్లో వేస్తే కుదరదు. ప్రదర్శన లైసెన్స్ కావాలి, లైబ్రరీలో అడిగితే దారి చెబుతారు. డబ్బు విషయానికొస్తే, స్టూడెంట్ గవర్నమెంట్ గ్రాంట్లు చాలాచోట్ల ముందు ఖర్చు పెట్టాక రసీదులు చూసి తిరిగి ఇస్తారు. ఆ భారం ఒక్క ట్రెజరర్ కార్డు మీద పడకుండా చూడండి.

మీ పదవి సంగతి కూడా చెప్పాలి. మీరు ఎంత కష్టపడినా ప్రెసిడెంట్‌గా కొరియన్ విద్యార్థి ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం. ఏ పండుగ ఎలా చెయ్యాలో చివరి మాట వాళ్లది కావాలి. సెక్రటరీగా ఉండి హాలు బుకింగులు, మెయిళ్లు, మినిట్స్ మీరు చూసుకుంటే వాళ్లకి కొండంత సాయం. మే నెలలో సీనియర్లు గ్రాడ్యుయేట్ అయి వెళ్లిపోతారు కాబట్టి వైస్ ప్రెసిడెంట్‌ని రెండో ఏడాది వాళ్లలోంచి ఎంచుకోండి. పాస్‌వర్డ్‌లు, బడ్జెట్ కాగితాలు, అడ్వైజర్ సంతకం ఎప్పుడు రెన్యూ చెయ్యాలో ఆ వ్యక్తికి ఏప్రిల్‌లోనే అప్పజెప్పండి.