రాళ్ల పొరలు చదివిన బిషప్

ప్రశ్న: నేలలో కింది పొర పాతది, పై పొర కొత్తది అనే సూత్రం చెప్పింది ఒక కతోలిక బిషప్ అని మా అబ్బాయి జియాలజీ పుస్తకంలో చూశాను. ఆ కాలంలో చర్చి ఊరుకుందా? చర్చికి భయపడే ఆయన సైన్సు మానేశాడా? ఇంతకీ ఆయన సెయింటా?

జవాబు: ఆ సూత్రం రాసేనాటికి ఆయన బిషప్ కాదండీ, ఫాదర్ కూడా కాదు. పేరు నికొలస్ స్టెనో. 1638లో కోపెన్‌హాగెన్‌లో ఒక కంసాలి ఇంట లూథరన్‌గా, అంటే ప్రొటెస్టెంటుగా పుట్టాడు. చదివింది వైద్యం. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గొర్రె తల కోసి చూస్తూ, చెంపలోంచి నోట్లోకి లాలాజలం తెచ్చే గొట్టాన్ని కనిపెట్టాడు. గుండె అంటే కండరమే, ఇంకేమీ కాదని తేల్చిందీ ఆయనే.

1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర జాలర్లకు పెద్ద సొరచేప దొరికింది. టస్కనీ ప్రభువు రెండో ఫెర్డినాండో దాని తలను ఫ్లోరెన్సులో ఉన్న స్టెనో దగ్గరికి పంపించాడు. దాని పళ్లు చూస్తే, అప్పట్లో విషానికి విరుగుడని జనం దాచుకునే 'నాలుక రాళ్ల'లాగే ఉన్నాయి. ఆ రాళ్లు సొరచేప పళ్లేనని ఇటలీ పండితుడు ఫాబియో కొలొన్నా 1616లోనే అన్నాడు. స్టెనో ఇంకో ప్రశ్న వేశాడు: పన్ను, రాయి, ఈ రెంటిలో ముందు గట్టిపడింది ఏది? రాతిలో పన్ను అచ్చు పడింది కాబట్టి పన్నే ముందు. అంటే రాయి ఒకప్పుడు నీటి అడుగున మెత్తటి మట్టి. అలాంటి మట్టి పొర మీద పొరగా పేరుకుంటే కిందిదే పాతది. పొరల సూత్రం ఈ ఆలోచనలోంచే వచ్చింది. జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంత తేలిక తర్కం నాకు ఇంకెక్కడా తగల్లేదు.

ఇక చర్చి సంగతి. 1667లో ఆయన తనంతట తానే కతోలికుడయ్యాడు. 1669లో ఈ పొరల సూత్రం ఉన్న పుస్తకం అచ్చయింది. దాన్ని ముందుగా చదివి సరేనన్న ఇద్దరిలో ఒకరు వివియాని, సాక్షాత్తూ గెలీలియో శిష్యుడు! పైగా స్టెనో తన పొరల కథలో బైబిల్లోని నోవహు జలప్రళయానికీ చోటిచ్చాడు. కాబట్టి పేచీ రాలేదు. ఆ పుస్తకం పరిచయం మాత్రమే, పెద్ద పుస్తకం తర్వాత వస్తుందన్నాడు. అది రాలేదు. ఆ కినుక నాకు ఇప్పటికీ ఉంది.

1675లో ఫాదర్ అయ్యాడు, 1677లో బిషప్. పేరుకు టీటియోపోలిస్ బిషప్, కానీ అక్కడ విశ్వాసులే లేరు. అసలు పని ప్రొటెస్టెంట్ల ఉత్తర ఐరోపాలో మిగిలిన కొద్దిమంది కతోలికులను చూసుకోవడం. జర్మనీలోని హానోవర్‌లో ఉండగా తత్వవేత్త, గణితవేత్త లైబ్నిజ్‌తో పరిచయమైంది. ఇంత మంచి శాస్త్రవేత్త వేదాంతంలో పడ్డాడే అని లైబ్నిజ్ కూడా వాపోయాడు. అక్కడి ప్రభువు చనిపోయి ప్రొటెస్టెంటు తమ్ముడు గద్దెనెక్కాక, 1680లో మ్యూన్‌స్టర్‌కు సహాయ బిషప్‌గా వెళ్లాడు. 1683లో అక్కడ కొత్త బిషప్ ఎన్నికలో డబ్బు చేతులు మారింది. నోరు మూసుకుని ఉంటే ఆయన పదవికేం ఢోకా లేదు. కానీ నిరసనగా హాంబర్గ్ వెళ్లిపోయాడు. పేదల కోసం బిషప్ ఉంగరం, వెండి సిలువ కూడా అమ్మేశాడు. చివరికి ష్వెరీన్‌లో మామూలు ఫాదర్‌లా పనిచేస్తూ 1686లో, 48 ఏళ్లకే కన్నుమూశాడు. కెరీర్ లెక్కన చూస్తే ఇది దిగుడు మెట్లే. కానీ భయపడి సైన్సు వదిలాడని మాత్రం అనలేం. అంత భయస్తుడే అయితే మ్యూన్‌స్టర్‌లో సర్దుకుపోయేవాడు.

శవాన్ని టస్కనీ పాలక కుటుంబమైన మెడిచీలు ఫ్లోరెన్సుకు తెప్పించి తమ సాన్ లొరెంజో చర్చిలో పూడ్చారు. సెయింటా అంటే, ఇంకా కాదు. 1988లో రెండో జాన్ పాల్ పోప్ ఆయన్ను ధన్యుడిగా ప్రకటించారు. పునీతుడి హోదాకు అది ముందు మెట్టు.